ఆంగ్ల క్రియాకాలాల అభ్యాసం: తెలుగు క్రియ దృష్టితో ఒక పరిశీలన

ప్రస్తావన

ఉన్నత పాఠశాల స్థాయిలో ఆంగ్ల క్రియాకాలాల బోధన సాధారణంగా పన్నెండు గళ్ళ పట్టికతో మొదలవుతుంది. కాలాలు మూడు, ఒక్కొక్కదానిలో సింపుల్, కంటిన్యువస్, పర్‌ఫెక్ట్, పర్‌ఫెక్ట్ కంటిన్యువస్ అనే నాలుగు భేదాలు. విద్యార్థి వీటిని వల్లె వేస్తాడు, ఖాళీలు పూరిస్తాడు, ఒక కాలంలోని వాక్యాన్ని మరో కాలంలోకి మారుస్తాడు. పట్టికను తడుముకోకుండా అప్పజెప్పినవాడే సొంతంగా నాలుగు వాక్యాలు రాయవలసివస్తే తడబడతాడు. దీనిని శ్రద్ధాలోపంగా లెక్కగట్టడం పరిపాటి.

మాతృభాషకూ నేర్చుకొనే భాషకూ గల భేదాలను పోల్చి చూస్తే అభ్యాసకుల ఇబ్బందులను ముందే గుర్తించవచ్చునని రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించారు. తప్పు అభ్యాసకుడు తనలో ఏర్పరచుకొంటున్న భాషావ్యవస్థకు సాక్ష్యమని పిట్ కార్డర్ 1967లో వివరించారు. ఈ రెండు దృష్టులతో తెలుగు విద్యార్థుల ఆంగ్ల వాక్యాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తద్ధర్మం, భవిష్యత్తు

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మాన్ని కూడా ప్రత్యేకంగా పేర్కొన్నది. స్వభావాన్ని, అలవాటును తెలిపేది తద్ధర్మం. ఆధునిక వ్యవహారంలో తద్ధర్మానికీ భవిష్యత్తుకూ రూపం ఒక్కటే. “రోజూ బడికి వెళ్తాను”, “రేపు బడికి వెళ్తాను” అనే వాక్యాల్లో క్రియ మారదు. భేదాన్ని “రోజూ”, “రేపు” అనే పదాలే తెలుపుతాయి. ఆంగ్లం ఈ రెండింటికీ వేర్వేరు రూపాలను కోరుతుంది. కాబట్టి “డైలీ ఐ విల్ గో టు స్కూల్” అని రాసిన విద్యార్థికి భవిష్యత్కాలం తెలియదనడం సరికాదు. “వెళ్తాను” అనే రూపానికి అతడు ఒకే ఆంగ్ల రూపాన్ని జతచేసుకొన్నాడు.

చూశాను, చదువుతున్నాను

“నిన్న ఆ సినిమా చూశాను”, “ఆ సినిమా ఇదివరకే చూశాను” అనే వాక్యాల్లోనూ తెలుగు క్రియ ఒక్కటే. ఆంగ్లం మొదటిదానికి సింపుల్ పాస్ట్‌ను, రెండవదానికి సాధారణంగా ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌ను వాడుతుంది. “ఐ హావ్ సీన్ ఇట్ యెస్టర్‌డే” అనే తప్పు పుట్టేది ఈ సరిహద్దులోనే. అలాగే “రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నాను” అనే వాక్యం “ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్” అవుతుంది. ఇందులో క్రియారూపం ఒక్కటే సమస్య కాదు. “జూన్ నుంచి” అన్నప్పుడు ప్రారంభాన్ని, “రెండేళ్ళ నుంచి” అన్నప్పుడు వ్యవధిని తెలుగులో ఒకే “నుంచి” మోస్తుంది. ఆంగ్లానికి అక్కడ “సిన్స్”, “ఫర్” అనే రెండు మాటలున్నాయి.

అయితే ప్రతి తప్పునూ తెలుగుకు అంటగట్టలేము. “ఐ యామ్ నోయింగ్ ది ఆన్సర్” అనే వాక్యానికి తెలుగులో మూలం లేదు. “నాకు సమాధానం తెలుసు” అనే మనం ఇక్కడ “-తున్న-” రూపం వాడం. ఇది కంటిన్యువస్ రూపాన్ని పట్టిక ప్రకారం అన్ని క్రియలకూ విస్తరింపజేయడం వల్ల కలిగిన తప్పు. లాడో సిద్ధాంతం ఒక్కటే చాలదనడానికి ఇదొక నిదర్శనం.

తెలుగు తోడ్పడే చోటు

“హి డిడ్ నాట్ వెంట్” అనే తప్పును దిద్దడానికి తెలుగే ఉపకరిస్తుంది. “వెళ్ళాడు” అనే భూతకాలిక క్రియకు వ్యతిరేకరూపం “వెళ్ళలేదు”. ఇందులో “వెళ్ళ” అనే భాగానికి భూతకాల ప్రత్యయం లేదు. వ్యతిరేకార్థ భారాన్ని “లేదు” వహిస్తున్నది. “వెళ్ళాడు లేదు” అని ఏ పిల్లవాడూ అనడు. ఆంగ్లంలోనూ “డిడ్ నాట్” తరువాత ప్రధాన క్రియ కాలప్రత్యయం లేకుండానే నిలుస్తుంది. విద్యార్థి నోట ఉన్న ఈ నియమాన్ని చూపితే కొత్త నియమం పరాయిదనిపించదు.

అభ్యాసాల స్వరూపం

ఒకే వాక్యాన్ని పన్నెండు కాలాల్లోకి మార్చే అభ్యాసం రూపాలను అలవాటు చేస్తుంది. ఆ మేరకు అది అవసరమే. కాని ఏ సందర్భంలో ఏ రూపం ఎంచుకోవాలో అది నేర్పదు. ఎందుకంటే ఎంపికను ప్రశ్నే ముందుగా చేసిపెడుతుంది. “మా తాత రోజూ ఆరింటికి లేస్తాడు. రేపు మాత్రం నాలుగింటికే లేస్తాడు” వంటి వాక్యాలిచ్చి, రెండు “లేస్తాడు”లకు ఆంగ్లంలో ఏ రూపాలు రావాలో, ఎందుకో చెప్పించాలి. అప్పుడు విద్యార్థి అర్థం నుంచి రూపానికి వెళ్తాడు.

మాతృభాష జోక్యం ఆంగ్లంలో ఆలోచించడానికి అడ్డమనే అభ్యంతరం ఉన్నది. తరగతి అంతా అనువాదంగా మారితే ఆ అభ్యంతరం న్యాయమే. ఇక్కడ సూచిస్తున్నది తప్పులు పదేపదే వచ్చే కొద్ది చోట్ల మాత్రమే పోలిక. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండి, కోయ మాట్లాడే పిల్లలకు తెలుగుతో పోలిక చాలదన్న పరిమితినీ గుర్తించాలి.

ముగింపు

ఈ లోపంలో తెలుగు శాఖలకూ భాగమున్నది. సంధి సమాసాలకు మనం ఇచ్చే ప్రాధాన్యం ఆధునిక తెలుగు క్రియకు ఇవ్వడం లేదు. “వెళ్తాను” ఎన్ని అర్థాల్లో వాడుతున్నాడో తెలుగు తరగతిలో గమనించని విద్యార్థి ఆంగ్ల తరగతిలో ఆ భేదాన్ని గుర్తిస్తాడని ఆశించలేము. విద్యార్థుల ఆంగ్ల రచనల్లోని క్రియాదోషాలను సేకరించి, తెలుగు వల్ల వచ్చినవీ అతివ్యాప్తి వల్ల వచ్చినవీ వేరుచేసి చూపడం తెలుగు పరిశోధకులు చేయదగిన పని. ఆ పని జరిగితే ఎర్ర సిరా గీత కింద ఉన్నది మొద్దుతనం కాదని, మరో భాష వ్యాకరణమని ఉపాధ్యాయుడు గుర్తించగలుగుతాడు.