పావు మిల్లీలీటరు పనితనం

పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్ పేరు ఇప్పుడు మెడికల్ డివైజెస్ పార్కుతో ముడిపడిపోయింది. 2017లో శంకుస్థాపన జరిగిన ఆ పార్కులో గుండెకు వేసే స్టెంట్లు తయారవుతున్నాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పనికిరాని సరుకు అది. అంతే నిక్కచ్చితనం అవసరమైన ఇంకో వైద్యం ఉంది. దానికి యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ పార్కులోనూ పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లోనూ షిఫ్టులకు వెళ్ళే అమ్మానాన్నల పిల్లలకు పాలపళ్ళు పుచ్చకుండా వేసే ఫ్లోరైడ్ వార్నిష్ పూత.

ఫ్లోరైడ్ అంటే మనవాళ్ళకు గుండె జల్లుమంటుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ నెల్లూరు జిల్లా నుంచే. ఆ తర్వాత నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు చూశాం. కాబట్టి "ఆ విషాన్నే పిల్లాడి నోట్లో పూస్తారా?" అని ఏ తల్లి అడిగినా తప్పులేదు. ఆమెకు లెక్క చెప్పాలి.

వార్నిష్‌లో సోడియం ఫ్లోరైడ్ 5 శాతం. అంటే మిల్లీలీటరుకు 22.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. పాలపళ్ళన్నిటికీ కలిపి పావు మిల్లీలీటరు చాలు కనుక, మొత్తం ఆరు మిల్లీగ్రాములకు లోపే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అలాంటి నీళ్ళు నాలుగు లీటర్లు తాగితే అంతే ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతుంది. నల్లగొండ బోర్ల నీళ్ళు ఆ హద్దును ఎంతో దాటినవి, పైగా రోజూ, ఏళ్ళ తరబడి కడుపులోకి వెళ్ళి ఎముకల్లో పేరుకున్నవి. వార్నిష్ ఆరు నెలలకోసారి, పంటి మీద, సన్నటి పొరగా.

ఆ పొరను చేయి తిరిగిన పిల్లల డెంటిస్టు ఎలా వేస్తారో దగ్గర నుంచి చూడాలి. డాక్టరు, తల్లి ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చుంటారు. పిల్లాడు తల్లి ఒళ్ళో, ఆమె వైపు తిరిగి, కాళ్ళు ఆమె నడుముకు అటూ ఇటూ వేసి కూర్చుంటాడు. మెల్లగా వెనక్కి వాలిస్తే తల డాక్టరు ఒళ్ళోకి వస్తుంది. వాడి చేతులు తల్లి చేతుల్లో, చూపు తల్లి ముఖం మీద. ఏడ్చినా నష్టం లేదు, నోరు తెరుచుకుంటుంది.

మొదట పై పెదవి ఎత్తి చూస్తారు. ముందు పళ్ళ మీద, చిగుళ్ళ అంచు వెంట తెల్లటి సుద్దగీత ఉందా? పుచ్చు మొదలయ్యేది అక్కడే. తియ్యటి పాలసీసా నోట్లోనే పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో ముందుగా దెబ్బతినేవీ ఈ పై పళ్ళే. కింది ముందు పళ్ళను నాలుక, లాలాజలం కాపాడతాయి. ఆ గీత ఇంకా గుంట పడలేదంటే వెనక్కి మళ్ళించవచ్చు. గాజు గుడ్డతో పళ్ళు తుడిచి, చిన్న బ్రష్‌తో చిగురు అంచు వెంట ఒక్క గీత, దవడ పళ్ళ గాడుల్లో ఒక్క అద్దు. మందంగా పూయడం పనితనం కాదు. ఉమ్మి తగలగానే గట్టిపడే జిగురు ఇది. నోరు పూర్తిగా ఆరబెట్టాల్సిన పని లేదు కాబట్టే ఏడాది పిల్లలకు కూడా వేయగలుగుతున్నారు. 1964లో జర్మనీలో దీన్ని రూపొందించినవారి తెలివంతా ఆ జిగురులోనే ఉందని నాకనిపిస్తుంది. చిగుళ్ళు పుండ్లు పడి ఉంటే మాత్రం ఆ రోజు పూయరు.

పూత కింద జరిగే పని ఇంకా ముచ్చటైనది. ఫ్లోరైడ్ అక్కడి కాల్షియంతో కలిసి పంటి మీద సూక్ష్మమైన నిల్వగా నిలుస్తుంది. బిస్కెట్లు, టీలోని చక్కెర తిన్న సూక్ష్మజీవులు ఆమ్లం వదిలినప్పుడు ఆ నిల్వ కరుగుతుంది. పోతున్న ఖనిజాన్ని తిరిగి పంటిలోకి చేర్చి, ఈసారి ఆమ్లానికి అంత తొందరగా లొంగని రకంగా కడుతుంది. 2013లో కాక్రేన్ సమీక్ష పలు పరిశోధనలను క్రోడీకరించి, వార్నిష్ వేసిన పిల్లల పాలపళ్ళలో పుచ్చు సగటున 37 శాతం తగ్గిందని తేల్చింది. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. వెనక దవడ పాలపన్ను పది, పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినది. అది పుచ్చితే అన్నేళ్ళూ పిల్లాడు నమలలేడు, నిద్రపోలేడు.

పూశాక ఆ పూట గట్టివి, జిగటవి, వేడివి పెట్టకూడదు, మర్నాటి దాకా బ్రష్ చేయకూడదు. పళ్ళు పసుపు రంగులో కనిపిస్తే కంగారుపడకూడదు. రోజువారీ టూత్‌పేస్ట్ మూడేళ్ళ లోపు బియ్యపుగింజంతే.

మన దగ్గర 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించాలి. వాళ్ళు వెతకాల్సిన సమస్యల్లో పిప్పిపళ్ళు కూడా ఉన్నాయి. వార్నిష్ గడువూ ఏడాదికి రెండుసార్లే. అమెరికాలో పిల్లల డాక్టర్లు, నర్సులు కూడా ఈ పూత వేస్తున్నారు. సుల్తాన్‌పూర్ అంగన్‌వాడీకి ఎలాగూ వెళ్ళాల్సిన ఆ బృందానికి పని నేర్పి, సంచిలో బ్రష్‌లు, వార్నిష్ పెట్టి పంపితే, పుచ్చు ఉందని రాసుకుని వెళ్ళేవాళ్ళే దాన్ని ఆపి వెళ్తారు.