ఛాతీ స్కాన్ – ఊపిరి పరీక్ష: క్యాన్సర్ రోగులలో శ్వాసవ్యాధి అంచనాపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
క్యాన్సర్ కోసం తీసిన ఛాతీ సీటీ స్కాన్‌లోనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధిని కూడా పసిగట్టవచ్చుననే ప్రతిపాదన వైద్యపరిశోధనలో బలపడుతున్నది. ఈ దిశలో ముఖ్యమైన 2011 నాటి నెదర్లాండ్స్ అధ్యయనాన్ని పరిశీలించి, దాని ఫలితాలను క్యాన్సర్ రోగులకూ, తెలుగు ప్రాంతాల రోగులకూ వర్తింపజేయడంలోని పరిమితులను వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సీటీ స్కాన్, సీఓపీడీ, ఎంఫిసీమా, స్పైరోమెట్రీ, ఊపిరితిత్తుల క్యాన్సర్, చుట్ట, వంటపొగ.

1. ఉపోద్ఘాతం

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ, సీఓపీడీ అని వైద్యులు పిలిచే దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధికీ పొగ ఉమ్మడి కారణం. అందువల్ల ఒకే రోగిలో రెండూ ఉండడం అరుదు కాదు. అయితే క్యాన్సర్ నిర్ధారణ అయిన తర్వాత రోగి పడే ఆయాసమంతా ఆ వ్యాధి పద్దులోనే జమ అయ్యే ప్రమాదం ఉంది. సీఓపీడీ ఉన్నదని తెలిస్తే పీల్చే మందులతో ఆ ఆయాసాన్ని కొంతైనా తగ్గించవచ్చు. తెలియకపోతే తగ్గించదగిన బాధను కూడా రోగి భరించవలసి వస్తుంది. ఊపిరితిత్తి శస్త్రచికిత్సకు వెళ్ళే రోగికి స్పైరోమెట్రీ, అంటే ఊపిరి పరీక్ష, ముందస్తు పరీక్షలలో భాగం. శస్త్రచికిత్స అవసరం లేని, లేదా సాధ్యం కాని రోగికి అది జరగకపోవచ్చు. స్కాన్ మాత్రం ఇద్దరికీ ఉంటుంది. ఉన్న చిత్రాన్నే మరోసారి చదవాలనే ప్రతిపాదనకు బలం ఇక్కడే ఉంది.

2. ఆకృతి – ప్రవాహం

సీటీ కొలమానంలో నీటి విలువ 0, గాలి విలువ −1000 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. ఊపిరితిత్తిలోని గాలిగదుల గోడలు శిథిలమైనచోట గాలి వాటా పెరుగుతుంది. పూర్తిగా ఊపిరి పీల్చినప్పుడు తీసిన స్కాన్‌లో −950 కన్నా తక్కువ విలువగల భాగాన్ని ఎంఫిసీమాగా లెక్కించడం పరిపాటి.

సీఓపీడీ నిర్ధారణ సూత్రం వేరు. శ్వాసనాళాలను విప్పే మందు ఇచ్చిన తర్వాత రోగి గట్టిగా ఊదాలి. మొదటి సెకనులో వెలువడిన గాలి, ఊదిన మొత్తం గాలిలో 70 శాతం కన్నా తక్కువైతే అవరోధం ఉన్నట్టు. మొదటిది ఆకృతిని చూస్తే, రెండవది ప్రవాహాన్ని కొలుస్తుంది. ఎంఫిసీమా కనిపించినా ప్రవాహం సవ్యంగా ఉండవచ్చు. చిన్న శ్వాసనాళాలు ఇరుకైపోయి ప్రవాహం తగ్గినా గాలిగదులు చెక్కుచెదరకుండా కనిపించవచ్చు.

3. 2011 అధ్యయనం: బలం, పరిమితి

నెల్సన్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్ అధ్యయనంలో పాల్గొన్న 1140 మంది పురుషులను మెట్స్, సహపరిశోధకులు పరిశీలించి, 2011లో జామా పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వీరంతా విపరీతంగా పొగ తాగుతున్నవారు, లేదా తాగి మానినవారు. ఒకే రోజున ఊపిరి పీల్చినప్పుడొకటి, వదిలినప్పుడొకటి స్కాన్ తీసి, స్పైరోమెట్రీ కూడా చేశారు. ఎంఫిసీమా, ఊపిరి వదిలాక లోపల చిక్కుకున్న గాలి, శరీర బరువు–ఎత్తుల నిష్పత్తి, పొగ తాగిన మోతాదు, ఇంకా తాగుతున్నారా లేదా అన్న సమాచారం – ఈ ఐదింటితో అంచనా నమూనా రూపొందింది.

సీఓపీడీ ఉన్న 437 మందిలో నమూనా 274 మందిని గుర్తించింది. 163 మందిని వదిలివేసింది. వ్యాధి లేని 85 మందికి ఉన్నదని చెప్పింది. సున్నితత్వం 63 శాతం, నిర్దిష్టత 88 శాతం. అదనపు రోగులను వెతికి పట్టే సాధనంగా ఇది విలువైన ఫలితమే. కానీ ‘వ్యాధి లేదు’ అని భరోసా ఇవ్వడానికి చాలదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ప్రమాణంగా తీసుకున్న స్పైరోమెట్రీ శ్వాసనాళాలను విప్పే మందు ఇవ్వకముందు చేసినది. కనుక పోల్చిన ప్రమాణమే నిర్వచనానికి పూర్తిగా సరితూగదు. రెండు, స్కాన్, ఊపిరి పరీక్ష ఒకే రోజువి. ఇది ఇప్పటికే ఉన్న వ్యాధిని గుర్తించడమే గాని రాబోయే వ్యాధిని ముందుగా చెప్పడం కాదు. అధ్యయనకర్తలు తమ శీర్షికలో ‘గుర్తింపు’ అనే మాటనే వాడారు. ఇటువంటి ఫలితాన్ని ‘భవిష్యత్ అంచనా’గా ప్రస్తావించడం దాని అర్థాన్ని మార్చడమే.

4. క్యాన్సర్ రోగికి అన్వయం

స్క్రీనింగ్‌కు వచ్చినవారు క్యాన్సర్ ముప్పు ఉన్నవారు. క్యాన్సర్ రోగులు కారు. ఈ భేదం చిన్నది కాదు. కణితి శ్వాసనాళాన్ని మూసివేస్తే ఊపిరితిత్తి భాగం ముడుచుకుపోతుంది. ఛాతీలో నీరు చేరవచ్చు. రేడియేషన్ తర్వాత మచ్చకట్టవచ్చు. రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్టు మందు సాంద్రత విలువలను పెంచి ఎంఫిసీమాను తక్కువగా చూపగలదు. పైగా క్యాన్సర్ దశను నిర్ణయించే సాధారణ స్కాన్ ఊపిరి పీల్చి బిగబట్టినప్పుడు తీసేది. ఊపిరి వదిలిన స్కాన్ లేకుంటే నమూనాలోని ఐదు అంశాలలో ఒకటి మొదటే లోపిస్తుంది.

5. తెలుగు ప్రాంతాల సందర్భం

ఈ నమూనాలో పొగ మోతాదును లెక్కించే కొలమానం రోజుకు 20 సిగరెట్ల పెట్టె. బీడీ, చుట్ట ఈ లెక్కలో సూటిగా ఇమడవు. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని తాగే అడ్డపొగ అలవాటుకు ఆ పట్టికలో చోటే లేదు. కట్టెలు, పిడకల పొయ్యి ముందు దశాబ్దాలు గడిపిన స్త్రీ ఏనాడూ పొగ తాగి ఉండదు. నమూనా దృష్టిలో ఆమె పొగ మోతాదు సున్నా. వంటపొగ వల్ల వచ్చే సీఓపీడీలో ఎంఫిసీమా కన్నా శ్వాసనాళాల దెబ్బ ప్రధానంగా ఉంటుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంటే చిత్రం తేలికగా చూడగల లక్షణం ఆమెలో తక్కువ, చూడలేనిది ఎక్కువ. 2018లో డీప్ లెర్నింగ్‌తో వ్యాధి తీవ్రతనూ మరణ ముప్పునూ అంచనా వేసిన గొంజాలెజ్ బృందం కృషి నిజంగానే భవిష్యత్తు వైపు సాగినది. అయినా అదీ పొగతాగేవారి స్కాన్ల మీద నిర్మితమైనదే.

6. ముగింపు

స్కాన్‌లో ఎంఫిసీమా కనిపిస్తే నివేదికలో రాయాలి. ఆ రోగిని ఊపిరి పరీక్షకు పంపాలి. కనిపించనంత మాత్రాన ఆయాసపడే రోగికి ఆ పరీక్షను నిరాకరించరాదు. పొగ చరిత్రలో సిగరెట్టుతోపాటు బీడీ, చుట్ట, పొయ్యి గురించి కూడా అడగాలి. ఇక్కడి రోగులలో, ముఖ్యంగా పొగ తాగని స్త్రీలలో, సరిచూడకుండా ఏ నమూనానూ వాడుకలోకి తేవడం సమంజసం కాదు. చిత్రం అనుమానాన్ని కలిగించగలదు. నిర్ధారించవలసింది ఊపిరి పరీక్షే.