అనుకార్యం లేని అనుకరణ: ‘స్టార్ ట్రెక్’ ఆటవస్తువులు – ఒక పరిశీలన

నాట్యశాస్త్రం ఆహార్యాభినయ ప్రకరణంలో రంగస్థల వస్తునిర్మాణాన్ని ‘పుస్తం’ అని పేర్కొని, సంధిమం, వ్యాజిమం, వేష్టిమం అని మూడు విధాలుగా విభజించింది. రంగస్థలంపై వాడే ఆయుధాలను లోహంతో కాక వెదురు, లక్క వంటి తేలిక పదార్థాలతో చేయాలని విధించింది. అది ఆయుధంలా కనిపించాలి, ఆయుధం కాకూడదు. టెలివిజన్ ధారావాహికలోని వస్తువుకూ ఇదే ధర్మం. అయితే ఆ వస్తువుకు నకలుగా వచ్చిన ఆటబొమ్మ దేనిని అనుకరిస్తున్నది?

1966లో అమెరికాలో ప్రసారం మొదలైన ‘స్టార్ ట్రెక్’ ఇందుకు మంచి ఉదాహరణ. 1967లో రెమ్కో సంస్థ, ధారావాహికతో పెద్దగా పోలిక లేని బొమ్మలకు దాని పేరు తగిలించి అమ్మింది. 1974లో ఏఎమ్‌టీ సంస్థ ఫేజర్ అనే కిరణాయుధాన్నీ, కమ్యూనికేటర్, ట్రైకార్డర్ అనే పరికరాలనూ విడిభాగాలుగా పెట్టెలో పెట్టి, కొన్నవారే అతికించుకొనేటట్లు అందించింది. 2014లో ది వాండ్ కంపెనీ, చిత్రీకరణలో వాడిన ఫేజర్‌ను కొలిచి, టీవీ రిమోట్‌గా పనిచేసే ప్రతిరూపాన్ని తెచ్చింది. మొదటిది నామానుకరణ, రెండవది రూపానుకరణ. మూడవదానిలో రూపానికి క్రియ తోడైంది.

నటునిలో రాముణ్ణి చూడడాన్ని శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయంతో సమర్థించాడు. రాముణ్ణి ఎవరూ చూడలేదు గనుక అనుకరణ అనడం పొసగదని భట్టతౌతుడు ఆక్షేపించాడు. ఫేజర్ విషయంలో ఈ ఆక్షేపణకు బలం మరింత ఎక్కువ. రాముని విల్లును చూడకపోయినా లోకంలో విల్లులున్నాయి. ఫేజర్‌కు అటువంటి ఆధారం లేదు. కనుక ఎంత కచ్చితమైన ప్రతిరూపమైనా అనుకరించేది ఆయుధాన్ని కాదు, చిత్రీకరణ కోసం చేసిన పుస్తాన్నే.

గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో పిల్లవాడు పత్తికట్టెను కత్తిగా తిప్పినప్పుడు అందులో కత్తి రూపం దాదాపు లేదు. అయినా కథలోని క్రియ సంపూర్ణంగా ఉంది. నిన్నటి నాటకంలో సామాజికుడైన అతడు నేడు నటుడు. 2014 నాటి ప్రతిరూపానికి క్రియ ఉన్నా అది ఇంట్లో టీవీ నడిపే క్రియ, కథలోది కాదు. దానిని పీఠంపై నిలిపి చూసుకొనే యజమాని మళ్లీ సామాజికుడే అవుతున్నాడు.

కాబట్టి ఇటువంటి ఆటవస్తువులను మూలవిధేయతతో మాత్రమే తూచడం చాలదు. కథను కొనసాగించే అవకాశాన్ని అవి ఎంతవరకు మిగులుస్తున్నాయన్నదే విమర్శకు సరైన ప్రమాణం. ఆ ప్రమాణంతో చూస్తే పత్తికట్టె కచ్చితమైన కొలతలకన్నా ముందుంటుంది.