తెలుగు పరిశోధనలో ఉల్లేఖన శైలి: ‘కన్యాశుల్కం’ ఏ సంవత్సరానిది?

సాహిత్య పరిశోధన వ్యాసాలలో ఎం.ఎల్.ఎ., ఎ.పి.ఎ. శైలులలో ఏదో ఒకదాన్ని పాటించడం నేడు పరిపాటి అయింది. ఏ శైలిని ఎంచుకున్నారన్నదానికన్నా, దాన్ని తెలుగు గ్రంథాలకు ఎలా అన్వయిస్తున్నారన్నదే పరిశీలించవలసిన విషయం.

ఎ.పి.ఎ. శైలి మనోవిజ్ఞానశాస్త్ర రంగంలో పుట్టింది. దాని తొలి రూపం 1929లో వెలువడింది. రచయిత పేరు పక్కనే సంవత్సరాన్ని నిలపడం, ఫలితాలు త్వరగా పాతబడే శాస్త్రాలకు ఉపకరిస్తుంది. సాహిత్యంలో ఆ సంవత్సరమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించవచ్చు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో తొలిసారి అచ్చయింది. 1909 నాటి రెండవ కూర్పు దానికి పునర్ముద్రణ కాదు, దాదాపు కొత్త నాటకం. ఇటీవలి ప్రతిని చేతబట్టి, ఉదాహరణకు ‘గురజాడ, 2011’ అని కుండలీకరణాల్లో రాస్తే తెలిసేది ఆ ప్రతి అచ్చయిన ఏడాది మాత్రమే. గిరీశం పాత్రచిత్రణలోని పరిణామాన్ని చర్చించే వ్యాసంలో ఇది చిన్న లోపం కాదు. రచయిత ఏ పాఠాన్ని చదివి ఆ నిర్ణయానికి వచ్చారో తేల్చుకోలేము. మూల ముద్రణ, పునర్ముద్రణ సంవత్సరాలు రెంటినీ ఏటవాలు గీతతో (1909/2011) చూపే వెసులుబాటు ఎ.పి.ఎ.లోనే ఉంది. మనవాళ్లు దాన్ని వాడుకోవడం అరుదు. వ్యాసాలను పరిశీలించే మనమూ కామాలు దిద్దినంత శ్రద్ధగా, ఏ కూర్పు చూశారని అడగడం లేదు.

పేర్ల విషయంలో జరుగుతున్నది మరీ విడ్డూరం. ‘విశ్వనాథ సత్యనారాయణ’లో ఇంటిపేరు ముందే ఉంది. దాన్ని ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తిరగేస్తే గ్రంథసూచిలో ఆయన ఎందరో సత్యనారాయణల మధ్య కలిసిపోతారు. ఇంటిపేరు ముందుండే చైనా, జపాన్ పేర్లను అలాగే ఉంచమని ఎం.ఎల్.ఎ. చెబుతోంది. ఆ వివేకం మన పేర్లకూ వర్తించాలి. శ్రీశ్రీని శ్రీరంగం వారి ఇంటిపేరుతో వెతికే పాఠకుడు ఎవరు?

ప్రాచీన కావ్యాల దగ్గర పుటసంఖ్య మోజు మరింత చేటు చేస్తోంది. కవిత్రయ భారతం నుంచి ఒక పద్యాన్ని ఉదాహరించి ‘పుట 214’ అని ఊరుకుంటే, వావిళ్ల ప్రతి ఉన్నవారికి ఒకచోట, తిరుమల తిరుపతి దేవస్థానం వారి ప్రతి ఉన్నవారికి మరొకచోట వెతుకులాట తప్పదు. పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య ఇవ్వడం మన పండితులకు ఏనాటి నుంచో అలవాటు. పాఠభేదాల వల్ల సంఖ్య ఒకటి రెండు అటూ ఇటూ అయినా పద్యం దొరుకుతుంది.