పటం మీది నగరం: సిమ్‌సిటీ

అమెరికాకు చెందిన విల్ రైట్ 1989లో కంప్యూటరుకై రూపొందించిన ‘సిమ్‌సిటీ’ అనే ఆటను నింటెండో సంస్థ 1991లో తన సూపర్ నింటెండో యంత్రానికి అనువుగా మలచింది. ఇందులో ఆటగాడే నగరపాలకుడు. నివాస, వాణిజ్య, పారిశ్రామిక మండలాలను నిర్ణయించడం, విద్యుత్తు, రహదారులు సమకూర్చడం, పన్ను విధించడం అతని విధులు.

కార్యకారణ సంబంధాన్ని కళ్లకు కట్టించడం ఈ ఆటలోని విశిష్ట గుణం. పన్ను హెచ్చితే వలసలు మొదలవుతాయి. కర్మాగారం పక్కన నేల విలువ పడిపోతుంది. ఋతువులను బట్టి రంగులు మారే నేల, సలహాలిచ్చే డాక్టర్ రైట్ పాత్ర నింటెండో చేర్చిన సొగసులు. 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వంటి ఘట్టాలు చరిత్రను పాలనా సమస్యగా మన ముందుంచుతాయి.

లోపాలూ లేకపోలేదు. రహదారులన్నీ తీసివేసి రైలు పట్టాలే పరిస్తే రద్దీ సమస్య మాయమవుతుంది! ఇది సూత్రంలోని లొసుగే తప్ప పాలనా దక్షత కాదు. అంతకన్న తీవ్రమైన లోపం మరొకటి ఉన్నది. స్వల్ప వ్యయంతో ఒక వాడను నేలమట్టం చేయవచ్చు. నిర్వాసితులకు పరిహారం లేదు, అభ్యంతరం తెలిపే వేదిక లేదు. జనాభా 5 లక్షలకు చేరితే మాత్రం మారియో విగ్రహం బహుమానంగా లభిస్తుంది.

పటాన్ని చూసి నిర్ణయాలు చేసేవారందరికీ ఈ ప్రలోభం పరిచితమే. నగరం ఎలా పెరుగుతుందో ఈ ఆట చక్కగా బోధిస్తుంది. ఎవరి ఇంటి మీదుగా పెరుగుతుందన్న ప్రశ్నను మనమే వేసుకోవలసి ఉంటుంది.