భూగర్భ ప్రతిధ్వనులు - వ్యాఖ్యాన మర్యాద

భూమి లోతులను తెలుపు ప్రకంపన చిత్రమును “భూగర్భపు ఛాయాచిత్ర” మని కొందరందురు. ఈ పోలిక ఆకర్షణీయమే గాని సమంజసము కాదు. ఛాయాచిత్రము చూపునకు సంబంధించినది. ఇది వినికిడికి సంబంధించినది.

ప్రేలుడుచేగాని, బరువైన కంపన యంత్రముచేగాని తరంగములను నేలలోనికి పంపుదురు. శిలాస్వభావము మారు హద్దులనుండి కొంత శక్తి ప్రతిఫలించి పైకి వచ్చును. గ్రాహకములు కొలుచునది ఆ రాకపోకల కాలమునే. లోతును మనము గణింపవలెను. పోయి వచ్చుటకు 12 సెకనులు పట్టినదనుకొందము. తరంగవేగము సెకనుకు 6 కిలోమీటరులన్నచో లోతు 36 కిలోమీటరులు, 6.3 అన్నచో 37.8. వేగమును గూర్చిన ఊహ మారిన పర్వతమూలమే క్రిందికి జరుగును.

ఈ పద్ధతి ఘనతను కాదనరాదు. అమెరికాలోని దక్షిణ అపలాచియన్ శ్రేణియందు ప్రాచీన స్ఫటిక శిలలు అవక్షేపపు పొరలపైకి పలకవలె త్రోయబడినవని 1979లో వెల్లడించినది ఇదియే. మనదేశమున హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970 దశకమున కావలి-ఉడిపి రేఖవెంబడి సుమారు 600 కిలోమీటరుల మేర పరిశోధన సాగించినది. కడప అవక్షేప క్షేత్రపు తూర్పు అంచున, నల్లమల మడతలకావల, శిలలు పడమటికి త్రోయబడిన జాడలను అది చూపినది. ఆ దత్తాంశమునే తరువాతివారు మరల విశ్లేషించి క్రొత్త వ్యాఖ్యలు చేసిరి. మూలమొక్కటి, వ్యాఖ్యలు పెక్కు!

1990 దశకమున ఆరంభమైన కుప్పము-పళని పరిశోధన వేరు తీరుది. కావలి రేఖయందు వక్రీభవన, విశాలకోణ ప్రతిఫలన తరంగములు ప్రధానములు. ఇచట దాదాపు నిట్టనిలువుగ తిరిగివచ్చు ప్రతిఫలనములు ప్రధానములు. రెంటిని ఒక్కటిగ చెప్పుట పొరపాటు.

కుప్పము మనకు పొరుగూరే. బేరిగై, హోసూరు, కృష్ణగిరి పరిసరములలోని నైస్ శిలలు ఒకప్పుడు భూమిలో మిక్కిలి లోతున మార్పు చెందినవే. పైపొరలు అరిగిపోగా నేడు బండలై బయల్పడినవి. కడపలో అవక్షేపములు కప్పిన ప్రాచీన శిలాపీఠమునకు ఇవి బంధువులు. అచట విన్న ప్రతిధ్వనికి ఇచట చేతికందు శిల ఒక సాక్ష్యము. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించునట్లు, ప్రతిధ్వనిని శిలతోను, గురుత్వాకర్షణ కొలతలతోను పోల్చిచూడవలెను.

కావున భూగర్భపటమును బోధించు తెలుగు ఉపాధ్యాయుడు కొలిచినదేది, ఊహించినదేది అని వేరుచేసి చెప్పవలెను. తమిళనాట తెలుగు చదువు పిల్లలు కొలదిమందియే కావచ్చును. వారికి శాస్త్రమును సరళముగ చెప్పుట అవసరమే. సరళతకై సత్యమును సడలించుట తగదు.