యంత్రంలో పడని చెక్క చెప్పు

ఒక మాట పుట్టుక గురించి ఎవరైనా సినిమా సీనులాంటి కథ చెబితే నాకు ముందు అనుమానమే కలుగుతుంది. పత్రిక డెస్కులో మాటలతో కుస్తీ పట్టీ పట్టీ అంటుకున్న జబ్బు ఇది. 'సబోటేజ్' సంగతే చూడండి. యంత్రాలు తమ పొట్ట కొడుతున్నాయని ఫ్రాన్స్ కార్మికులు కాళ్లకున్న 'సాబో'లను, అంటే చెక్క చెప్పులను, పళ్లచక్రాల్లోకి విసిరారట. ఆ మాట అక్కడే పుట్టిందట. 1991 నాటి స్టార్ ట్రెక్ సినిమాలో ఒక పాత్ర కూడా ఇదే చెబుతుంది. వినడానికి భలేగా ఉంటుంది. ఏ ఊళ్లో, ఏ మిల్లులో, ఏ ఏడాదిలో అని అడిగితే మాత్రం జవాబుండదు.

అసలు సంగతికి అంత రంగు లేదు. చెక్క చెప్పులతో టకటకలాడుతూ నడవడాన్ని ఫ్రెంచివాళ్లు 'సబోతే' అన్నారు. ఆ మొరటు నడక మీంచే, పనిని అడ్డదిడ్డంగా కానిచ్చెయ్యడమనే అర్థం వచ్చింది. పనివాణ్ని తిట్టే మాట అది.

ఆ తిట్టును కార్మికుల చేతికి ఆయుధంగా ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఎమిల్ పూజే. పాత్రికేయుడు, అరాచకవాది. 1897లో తులూజ్‌లో జరిగిన కార్మిక సమాఖ్య మహాసభ ఈ పద్ధతిని ఆమోదించింది. జీతం నాసిరకమైతే పనీ నాసిరకమే, అంతే సిద్ధాంతం. పూజే చూపిన ఉదాహరణ గ్లాస్గో రేవు కూలీలది. 1889లో వాళ్లు సమ్మె చేస్తే యజమానులు పొలం పనివాళ్లను దింపారు. సమ్మె ఓడిపోయింది. కూలీలు పాత కూలికే తిరిగొచ్చారు. వచ్చి, ఆ పొలంవాళ్లలాగే వచ్చీరానట్టు సరుకు మొయ్యడం మొదలుపెట్టారు. వాళ్ల పని మెచ్చుకున్నది దొరలే కదా! కొద్దిరోజులకే కూలి పెరిగింది. ఒక్క మర కూడా విరగలేదు.

1910లో ఫ్రాన్స్ రైల్వే సమ్మె వార్తలతో ఈ మాట ఇంగ్లీషు పత్రికలకెక్కింది. తర్వాత యుద్ధాలొచ్చి దానికి బాంబులు, కూలిన వంతెనలు అంటగట్టాయి. అయినా పాత అర్థం చావలేదు. అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ 1944లో శత్రుదేశాల్లోని సామాన్యుల కోసం ఒక చేతిపుస్తకం తయారుచేసింది. ప్రతిదాన్నీ కమిటీకి నివేదించండి, సమావేశాల్లో సుదీర్ఘంగా మాట్లాడండి, తీర్మానంలోని పదాల మీద పేచీ పెట్టండి అని అందులో సలహాలున్నాయి. మన ఆఫీసుల్లో ఎందరు ఆ పుస్తకం చదవకుండానే పట్టా పుచ్చుకున్నారో!

తెలుగులో మనం 'సబోటేజ్'ను 'విద్రోహం' చేసుకున్నాం. ఫ్రెంచి మాటలో ఉన్నది చెప్పే, మన మాటలో ద్రోహమే ఉంది. ఆ మాట వాడామంటే ఎవరో ఒక ద్రోహి ఉన్నట్టే. కాబట్టి డెస్కు మిత్రులకో విన్నపం: రైలు పట్టాలు తప్పిన రాత్రి శీర్షికలో 'విద్రోహం' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకోకండి. దర్యాప్తు తేలేదాకా 'ప్రమాదం' చాలు.